కుంభకర్ణుని చుట్టూ ఒక జట్టు

వచ్చే సంవత్సరం ఈ పాటికి నేను పదవీ విరమణ చేసి ఉంటాను. మన గృహపత్రిక తెలుగు పుటలకు ఏదైనా వ్రాయమని సంపాదకవర్గం వారు అడగడం, ‘ఓవర్‌హాలింగ్ ముగియగానే తప్పక వ్రాస్తాను’ అని నేను తప్పించుకోవడం ఏళ్ళ తరబడి ఒక ఆనవాయితీగా సాగింది. ఈసారి చెప్పుకోవడానికి ఓవర్‌హాలింగ్ కూడా లేకపోయింది. బాయిలర్ గొట్టాల గురించి వ్రాస్తే మా విభాగంవారు తప్ప ఎవరూ చదవరు. తీర్థయాత్రల గురించి మిత్రులు ఇదివరకే చక్కగా వ్రాసి ఉన్నారు. కనుక సిగ్గు విడిచి, యాభై ఎనిమిదేళ్ళు నిండిన తరువాత నన్ను ఆవహించిన ఒక పిల్లల ఆటను గురించి విన్నవించుకుంటాను.

2024 ఆగస్టులో వాన కురిసిన ఒక ఉదయాన క్వార్టర్ మెట్ల మీద జారి చీలమండ విరగగొట్టుకున్నాను. ఆరు వారాలు కాలు క్రింద పెట్టరాదని వైద్యులు శాసించారు. ఇంట్లో నాకు తోడుగా ఉన్నది మా రెండవ అబ్బాయి. ఇంజనీరింగ్ ముగించాడు. ఉద్యోగపు ఉత్తరం చేతికి వచ్చింది గాని, ఎప్పుడు చేరాలో ఆ కంపెనీవారు చెప్పడం లేదు. నెలలు గడుస్తున్నవి. కుర్రవాడు రాత్రి రెండింటి దాకా కంప్యూటరు ముందు కూర్చొని, ఉదయం పదింటికి లేచేవాడు. ముప్పై ఏళ్ళు ‘ఎ’ షిఫ్టుకు తెల్లవారుజామున లేచిన నాకు ఆ దృశ్యం ఎలా ఉంటుందో పాఠకులు ఊహించగలరు. ‘సోమరి’ అన్న మాట ఆ రోజులలో మా ఇంట్లో తరచు వినిపించేది. అన్నది నేనే.

ఒక మధ్యాహ్నం, దినపత్రిక ప్రకటనలతో సహా పూర్తి అయిన తరువాత, వాడి ప్రక్కన కూర్చొని “ఏమిట్రా అది?” అని అడిగాను. “పోకెమాన్ నాన్నా” అన్నాడు. అది పసుపుపచ్చని ఎలుక ఉన్న కార్టూను అని మాత్రమే నాకు తెలుసు. చదరంగం వంటి లెక్కల ఆట అని తెలియదు.

1996లో జపానులో పుట్టిన ఆట ఇది. నేడు ఇందులో వేయికి పైగా విచిత్ర జంతువులు ఉన్నవి. ఆటగాడు ఆరింటిని ఎన్నుకొని జట్టు కడతాడు. అధికారిక పోటీలలో ఆ ఆరింటిలో నాలుగింటిని మాత్రమే బరిలోకి తెస్తాడు, ఒకసారికి రెండు చొప్పున నిలబెడతాడు. ప్రతి వంతులోను ఇరుపక్షాలవారు తమ ఆజ్ఞలను రహస్యంగా నిర్ణయిస్తారు. తరువాత అవన్నీ వేగం ప్రకారం వరుసగా జరుగుతవి. నీరు నిప్పును గెలుస్తుంది, నిప్పు గడ్డిని గెలుస్తుంది అన్న పద్ధతిలో పద్దెనిమిది వర్గాలు. దీనికి తోడు ప్రతి జంతువుకు పుట్టుకతో ఒక స్వభావం. ఆ స్వభావం దానికి వరం కావచ్చు, శాపమూ కావచ్చు. ఇదంతా పరికరం కొనకుండా కంప్యూటరులోనే ఉచితంగా ఆడుకోవడానికి పోకెమాన్ షోడౌన్ అనే ఏర్పాటు ఉన్నది. మా వాడు ఆడుతున్నది అదే.

“మీకు నచ్చినదాన్ని ఒకటి ఎంచుకోండి, దాని చుట్టూ జట్టు కడదాం” అన్నాడు. పట్టికను పైనుంచి క్రిందికి చూశాను. కొలతలు చూడడం మా వృత్తి గదా! ఒకచోట కన్ను ఆగిపోయింది. స్లాకింగ్ అనే ఒక గొరిల్లా వంటి జంతువు. సహజ శక్తుల మొత్తం 670. దాడి బలం ఒక్కటే 160, ప్రాణశక్తి 150. అదే తరంలో భూమిని, సముద్రాన్ని శాసించే దేవతలుగా చెప్పబడే గ్రౌడాన్, కయోగర్ల మొత్తం కూడా సరిగ్గా 670. దేవతలతో సమానమైన బలం గల ఈ జంతువును ఎవరూ ఎందుకు వాడడం లేదు?

కుర్రవాడు నా ముఖంలోకి చూసి, “ఇది నన్ను ఉద్దేశించా నాన్నా?” అన్నాడు.

నాకు అర్థం కాలేదు. అప్పుడు చెప్పాడు. స్లాకింగ్ స్వభావం పేరు ట్రూఅంట్. అంటే బడి ఎగ్గొట్టేవాడు. ఒక వంతులో పని చేస్తుంది, మరుసటి వంతులో ఊరక పడుకుంటుంది. మళ్ళీ ఒక వంతు పని, మళ్ళీ ఒక వంతు విశ్రాంతి. ఎంత మొత్తుకున్నా మారదు. బొమ్మలో కూడా అది మోచేతి మీద తల ఆనించి పడుకునే ఉంటుంది. చేతికి అందినంత మేర గడ్డి తింటుంది, అది అయిపోతే అయిష్టంగా మరో చోటికి జరుగుతుంది. దాని వంశచరిత్ర మరీ విడ్డూరం. పసితనంలో స్లాకాత్, నిమిషానికి ఒక్కసారి గుండె కొట్టుకునే మహా బద్ధకిష్టి. 18వ స్థాయి చేరగానే విగరాత్ అవుతుంది. అది క్షణం కుదురుగా ఉండదు, దానికి నిద్రే పట్టదు. 36వ స్థాయిలో స్లాకింగ్ అయి, మళ్ళీ పడుకుంటుంది. మన కుంభకర్ణుడు ఆరు నెలలు నిద్రించి ఒక్క దినం మేలుకునేవాడు. ఆ లెక్కన ఇది నయమే అన్నాను. వాడు నవ్వలేదు.

వాడు నవ్వకపోవడానికి మరొక కారణం ఉన్నదని తరువాత తెలిసింది. 2002లో వెలువడిన రూబీ, సఫైర్ అనే ఆటలలో కథానాయకుడైన బాలుడు ఎనిమిది మంది గురువులను జయించవలసి ఉంటుంది. అయిదవ గురువు నార్మన్. అతడు ఆ బాలునికి స్వయంగా తండ్రి. మొదట కొడుకు వస్తే ‘ముందు నాలుగు ముద్రలు సంపాదించుకొని రా’ అని పంపివేస్తాడు. అవి సంపాదించి వచ్చిన కొడుకు మీదికి అతడు పంపే ప్రధాన యోధుడు స్లాకింగ్. మా వాడు ఏడేళ్ళ వయసులో ఆ తండ్రి చేతిలో ఓడి ఓడి ఏడ్చాడట. నేను ఆ సమయంలో ఏ షిఫ్టులో ఉన్నానో!

మొదటి పది పదిహేను ఆటలు వరుసగా ఓడిపోయాను. ఓటమి విధానం మాత్రం ఆసక్తికరమైనది. ఆటలో ప్రొటెక్ట్ అనే ఒక ప్రయోగం ఉన్నది. దానిని వాడిన జంతువుకు ఆ వంతులో దెబ్బ తగలదు. దుర్వినియోగం కాకుండా ఒక నియమం పెట్టారు. వెంటవెంటనే రెండుసార్లు వాడితే రెండవసారి అది ఫలించే అవకాశం మూడింట ఒక వంతే. అందువల్ల ఎవరైనా ఒక వంతు విడిచి ఒక వంతు మాత్రమే దానిని నమ్మకంగా వాడగలరు. స్లాకింగ్ కొట్టేది కూడా వంతు విడిచి వంతే! ప్రత్యర్థి అది కొట్టే వంతులో ప్రొటెక్ట్ చాటున దాక్కొని, అది పడుకున్న వంతులో తీరికగా దానిని చావగొడతాడు. ఆట నియమాలన్నీ కలిసి ఈ ఒక్క జంతువు మీద కుట్ర పన్నినట్లు ఉంటుంది. 670 బలం అక్కడ ఎందుకూ కొరగాదు.

కాలు కదపలేనివాడికి పట్టుదల ఎక్కువ. విరుగుడులు ఒక్కొక్కటే ప్రయత్నించాము. ఒకసారి కొట్టి, పడుకునే వంతులో దానిని వెనక్కు పిలిచి వేరొకదానిని పంపడం మొదటి ఉపాయం. బరిలోకి మళ్ళీ వచ్చినప్పుడు దాని లెక్క మొదటినుంచి ప్రారంభమవుతుంది. పనిచేసింది గాని, రాకపోకలలోనే పుణ్యకాలం గడిచిపోయేది. గీగా ఇంపాక్ట్ అనే మహాప్రయోగం రెండవ ఉపాయం. దాని బలం 150. కొట్టిన తరువాతి వంతు ఎవరైనా అలసటతో ఆగిపోవలసిందే. స్లాకింగ్ ఎలాగూ ఆ వంతులో పడుకునేదే గనుక దానికి నష్టం లేదు. ఈ పొదుపు నాకు చాలా నచ్చింది. షట్‌డౌన్‌లోనే మరమ్మతు పెట్టుకోవడం వంటిది. కాని ప్రత్యర్థి ప్రొటెక్ట్ సంగతి అట్లాగే ఉన్నది.

స్వభావాన్నే మార్చివేస్తే? ఇక్కడ ఆటను రూపొందించినవారి గడుసుదనం చూడండి. ఎదుటివాని స్వభావాన్ని మార్చే ప్రయోగాలు చాలా ఉన్నవి. నిద్రలేమిని అంటించే వర్రీ సీడ్ ఉన్నది, తన స్వభావాన్నే ఎదుటివానికి అంటగట్టే ఎంట్రెయిన్‌మెంట్ ఉన్నది. ట్రూఅంట్ మీద ఈ రెండూ పనిచేయవని నియమావళిలోనే వ్రాసి పెట్టారు. మనకంటే ముందే వారికి ఈ ఆలోచన వచ్చింది. స్కిల్ స్వాప్ మాత్రం పనిచేస్తుంది. ప్రక్కన నిలిచిన సహచరుడు తన స్వభావాన్ని స్లాకింగ్‌కు ఇచ్చి, దాని సోమరితనాన్ని తాను పుచ్చుకుంటాడు. గ్యాస్ట్రో యాసిడ్ చల్లి స్వభావాన్ని అణచివేయడం మరొక మార్గం. రెండింటికీ ఒక వంతు ఖర్చు. టాంట్ అనే ప్రయోగంతో ప్రత్యర్థి ఆ సహచరుణ్ణి రెచ్చగొడితే, దాడి తప్ప మరేమీ చేయలేక అతడు నిలబడిపోతాడు. స్లాకింగ్ మళ్ళీ నిద్రకు ఉపక్రమిస్తుంది.

అప్పుడు మా వాడు వీజింగ్‌ను చూపించాడు.

2019లో వచ్చిన ఆటలలో, ఇంగ్లండును పోలిన గలార్ అనే దేశంలో, పాత వీజింగ్‌కు ఒక క్రొత్త రూపం ఇచ్చారు. రెండు తలలు, రెండు తలల మీద రెండు పొగగొట్టాల వంటి పొడుగు టోపీలు. కలుషితమైన గాలిని లోపలికి పీల్చి శుభ్రమైన గాలిని వదులుతుంది. మన స్టేషను చిమ్నీలను ముప్పై ఏళ్ళు చూసిన నాకు దానిమీద వెంటనే అభిమానం కలిగింది. నడిచే ఇ.ఎస్.పి.! దాని స్వభావాలలో ఒకటి న్యూట్రలైజింగ్ గ్యాస్. అది బరిలోకి అడుగుపెట్టగానే మైదానమంతా ఆవిరి కమ్ముకొని అందరి స్వభావాలు స్తంభిస్తవి. దానికి ఒక వంతు ఖర్చు కాదు, టాంట్‌తో ఆపడం కుదరదు. ప్రక్కన స్లాకింగ్ ఉంటే అది నిద్ర లేచి ప్రతి వంతూ కొడుతుంది. 2019 నాటి ఆటలలో స్లాకింగ్ లేదు. తరువాతి తరం ఆటలలో స్లాకింగ్ ఉన్నా మొదట వీజింగ్ లేదు. 2023 సెప్టెంబరులో వచ్చిన అనుబంధంలో వీజింగ్ చేరిన తరువాతే అధికారికంగా ఈ రెండూ ఒకే గూటికి చేరినవి.

మొదటిసారి కుంభకర్ణుడు వరుసగా మూడు వంతులు మేలుకొని కొట్టినప్పుడు, మంచం మీదినుంచి నేను వేసిన కేక విని మా ఆవిడ కాలికి మళ్ళీ ఏమైందోనని పరుగెత్తుకు వచ్చింది.

అయితే ఆ ఆవిరి పక్షపాతం లేనిది. మన జట్టులోని మిగిలినవారి వరాలను కూడా ఆర్పివేస్తుంది. అదివరకు వాడు పేర్చిన జట్టులో అందరూ తమ తమ స్వభావాల బలంతో బ్రతికేవారే. ఒకడు రాగానే ఎదుటివారిని బెదిరించేవాడు, మరొకడు ఆజ్ఞలను అందరికంటే ముందు నెరవేర్చేవాడు. వీజింగ్ ప్రక్కన వాళ్ళంతా వెలవెలపోయారు. ఒక్కడి సోమరితనాన్ని మాన్పడానికి నలుగురి ప్రత్యేకతలు పోగొట్టుకోవడం ఏమి నిర్వాహకత్వమని నాకే అనిపించింది. కనుక జట్టును క్రొత్తగా వెదకవలసి వచ్చింది. స్వభావం మీద కాక, నేర్చిన విద్య మీద ఆధారపడేవారు కావాలి. పిడుగుల పక్షి జాప్డాస్ అలా దొరికింది. టెయిల్‌విండ్ అనే ప్రయోగంతో అది జట్టు మొత్తానికి వేగాన్ని రెట్టింపు చేస్తుంది. అది విద్య, ఆవిరి దానిని ఆపలేదు.

లెక్క చూడండి. టెయిల్‌విండ్ నాలుగు వంతులు ఉంటుంది. మొదటి వంతులో జాప్డాస్, వీజింగ్ కలిసి దిగి గాలి వీయించాలి. రెండవ వంతులో జాప్డాస్‌ను పిలిచి స్లాకింగ్‌ను దింపాలి. మిగిలినవి రెండే వంతులు. ఆ రెండింటిలో స్లాకింగ్ వేగం 100 కాస్తా రెట్టింపై, దాదాపు అందరికంటే ముందు కొడుతుంది. ఇక్కడ గీగా ఇంపాక్ట్ పనికిరాదు. మేలుకున్నవాడు అలసట వల్ల ఒక వంతు పోగొట్టుకుంటాడు. బలం 85 మాత్రమే ఉన్న బాడీ స్లామ్ చాలు, రోజూ పనికి వచ్చేవాడికి చిన్న సుత్తి చాలు. మల్లయోధుల వర్గం ఒక్కటే స్లాకింగ్‌కు గండం. అందుకు టెరా అనే రూపాంతరం ఉన్నది. ఆటకు ఒక్కసారి, ఒక్క జంతువుకు మాత్రమే. దానితో స్లాకింగ్‌ను ప్రేతవర్గానికి మార్చితే మల్లయోధుల దెబ్బలు గాలిలో కలుస్తవి. పాత వర్గపు దాడిబలం మాత్రం తగ్గదు.

ఒక పొరపాటు చెప్పకుండా ఉండలేను. ఇనుప ప్రేతం వంటి గోల్డెంగో ఎదురైనప్పుడు బాడీ స్లామ్ దానికి తగలదు. భూకంపం ప్రయోగించాను. భూకంపం ఎదుటివారినే కాదు, ప్రక్కవానినీ కొడుతుంది. వీజింగ్ గాలిలో తేలే బొమ్మే గాని, తేలే స్వభావం వేరు, ఆవిరి స్వభావం వేరు. రెండింటిలో ఒకటే ఉంటుంది. విషవర్గానికి భూకంపం రెట్టింపు గాయం. నా వీజింగ్ నా చేతిలోనే చచ్చింది. ఆవిరి తొలగింది. స్లాకింగ్ మరుసటి వంతులో ఆవులించింది. ప్రత్యర్థి ఎవరో గాని నవ్వుకుని ఉంటాడు.

అటుతరువాత కొన్ని గెలిచాము, ఎక్కువ ఓడాము. ప్రత్యర్థులు అమాయకులు కారు. స్లాకింగ్ జోలికి పోకుండా ఇద్దరూ కలిసి వీజింగ్‌నే మొదట పడగొట్టేవారు. అది రెండు దెబ్బలకు రాలిపోయేది. “ఈ వీజింగ్ ఒట్టి బలహీనమైనదిరా, వేరేదేమైనా చూడు” అన్నాను ఒక రాత్రి.

మా వాడు జట్టు పత్రం తెరిచాడు. ప్రతి జంతువుకు 510 శిక్షణ పాయింట్లు ఉంటవి. ఒక్కొక్క శక్తికి 252 వరకు మన ఇష్టం వచ్చినట్లు పంచవచ్చు. స్లాకింగ్‌కు నేను వారం రోజులు లెక్కలు వేసి, దాడికి ఇంత, వేగానికి ఇంత అని ఒక్కొక్క పాయింటు సవరించి పెట్టాను. చేతికి మంచి వస్తువు ఇచ్చాను. వీజింగ్ పత్రం ఖాళీగా ఉన్నది. ఆరు గడులలోను సున్నాలు. చేతిలో వస్తువు కూడా లేదు.

“దీనికి మీరు ఏమీ ఇవ్వలేదు నాన్నా” అన్నాడు. తప్పు పట్టినట్లు కాదు, మామూలుగానే అన్నాడు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కాలు నొప్పి అని ఇంట్లో చెప్పాను.

2000 తరువాతి సంవత్సరాలలో మా బాయిలర్ నిర్వహణ విభాగంలో ఒక హై ప్రెషర్ వెల్డరు ఉండేవాడు. అతని చేతిలో ఉన్నది కళ అని చెప్పాలి. గొట్టాల సందులో అద్దం పెట్టుకొని, కనిపించని వైపున వేసిన అతుకు కూడా ఎక్స్‌రేలో మచ్చ లేకుండా వచ్చేది. దోషం ఒక్కటే. ఈ రోజు వస్తే రేపు రాడు. షాపులో అతనికి ‘రోజు విడిచి రోజు’ అని పేరు. అతని కోసం నేను చేయని పని లేదు. మెమోలు ఇచ్చాను, బ్రతిమాలాను, షిఫ్టులు మార్చాను. కీలకమైన అతుకులన్నీ అతడు వచ్చే దినానికి సర్దాను. ఎందుకు రావడం లేదని మాత్రం కూర్చోబెట్టి అడిగిన గుర్తు లేదు. అతని సంగతి చెప్పి, ‘కష్టమైన మనిషిని ఎలా నిభాయించాలి’ అని శిక్షణ తరగతులలో ఉపన్యసించాను కూడా.

అతని ప్రక్కన ఒక ఖలాసీ ఉండేవాడు. శ్రీకాకుళం వైపు మనిషి. పొట్టిగా, మాట తక్కువగా ఉండేవాడు. అతడు వచ్చిన దినాన ఏమి చేసేవాడో ఇప్పుడు కళ్ళకు కట్టినట్లు కనిపిస్తున్నది. ఎలక్ట్రోడ్లు తేమ పీలిస్తే అతుకులో బుడగలు, పగుళ్ళు వస్తవి. వాటిని ఓవెన్‌లో కాల్చి, చిన్న వేడిపెట్టెలో పెట్టుకొని, నిచ్చెనలెక్కి పైకి తెచ్చేవాడు. గొట్టపు అంచులను గ్రైండింగ్ చేసి, రెండు అంచుల మధ్య ఖాళీ ఎటుచూసినా ఒకేలా ఉండేటట్లు పట్టి నిలిపేవాడు. వెల్డరు రాని దినాన కూడా వచ్చేవాడు. మరునాటి అతుకులకు అంచులు సిద్ధం చేసి ఉంచేవాడు. తరువాత కోల్ హ్యాండ్లింగ్‌లో మనుషులు చాలడం లేదంటే, ‘ఖలాసీయే గదా’ అని అతనిని బదిలీ చేసింది నేనే. ఆ మరుసటి ఓవర్‌హాలింగ్‌లో వెల్డరు అతుకులు వరుసగా ఎక్స్‌రేలో తప్పినవి. వెల్డరు చెయ్యి పాడైందని అందరం అనుకున్నాము. వయసన్నారు, అలవాట్లన్నారు. వార్షిక నివేదికలో నేను అదే వ్రాశాను. వెల్డరు గురించి అన్ని సంవత్సరాలలో ఎన్ని పుటలు వ్రాసి ఉంటానో! ఖలాసీ గురించి ‘సంతృప్తికరము’ అన్న ఒక్క మాట. అతనికి ఒక మెట్టు పైకి అవకాశం వచ్చినప్పుడు ఆ ఒక్క మాట చాలలేదు.

మరునాడు ఉదయం మా వాడికంటే ముందే లేచి వీజింగ్ పత్రం నింపడానికి కూర్చున్నాను. ప్రాణశక్తికి 252. మిగిలినవి రెండు రక్షణలకు పంచాను. ప్రాణం సగానికి తగ్గగానే నాలుగవ వంతు తిరిగి ఇచ్చే సిట్రస్ బెర్రీ చేతికిచ్చాను. దాడి ప్రయోగాలు తగ్గించి ప్రొటెక్ట్, టాంట్, ఎదుటివాని దాడిబలాన్ని సగం చేసే నిప్పు పెట్టాను. పది గంటలకు లేచి వచ్చిన కుర్రవాడు చూసి, రక్షణ పాయింట్లు అటు నాలుగు, ఇటు నాలుగు మార్చి, “ఇప్పుడు బాగుంది” అన్నాడు. ఆ పూట వాడిని నేను సోమరి అనలేదు.

అప్పుడే వాడు ఒక పాత సంగతి చెప్పాడు. 2014 ఆగస్టులో వాషింగ్టన్‌లో జరిగిన ప్రపంచ పోటీలో దక్షిణ కొరియాకు చెందిన పార్క్ సే-జున్ విజేత అయ్యాడు. అతని జట్టులో భీకరమైన గ్యారడాస్ ఉన్నది, గార్చాంప్ ఉన్నది. జనం గుర్తు పెట్టుకున్నది మాత్రం పాచిరిసు అనే ఉడుతను. సహజ శక్తుల మొత్తం 405 మాత్రమే. ఎవరూ జట్టులో చేర్చుకోనిది. అది ‘ఫాలో మి’ అంటూ దాడులన్నీ తన మీదికి రప్పించుకునేది. విద్యుత్తు తగిలితే బాధపడక ప్రాణం నింపుకునేది. విద్యుత్తుకు భయపడే గ్యారడాస్ దాని చాటున పని చేసుకునేది. అంత చిన్న ప్రాణి అన్ని దెబ్బలు తట్టుకున్నదంటే, దాని యజమాని శిక్షణ పాయింట్లను ఎక్కడ పెట్టి ఉంటాడో ఈసారి నేనే చెప్పాను.

జట్టు కుదుటపడింది. ప్రేతవర్గం ఎక్కువగా ఉన్న ప్రత్యర్థి ఎదురైతే స్లాకింగ్‌ను అసలు దింపనే దింపము. ఆరింటి పట్టికలో దాని పేరు చూసి ఎదుటివాడు జాగ్రత్తలు పడతాడు. ఆ జాగ్రత్తలే మనకు లాభం. అది మాత్రం ఇంట్లో పడుకుంటుంది, దానికి ఇష్టమైన పనే. దింపిన ఆటలలో మాత్రం మా ఇద్దరి కన్ను వీజింగ్ ప్రాణపు గీత మీదనే ఉండేది.

కాలికట్టు విప్పిన తరువాత పర్సనల్ విభాగానికి వెళ్ళి ఆ ఖలాసీ వివరాలు అడిగాను. 2019లో పదవీ విరమణ చేసి స్వగ్రామం చేరాడట. ఫోను నంబరు దొరికింది. రెండు రోజులు జేబులో పెట్టుకు తిరిగి, మూడవ రోజు చేశాను. గుర్తుపట్టడానికి ఒక నిమిషం పట్టింది. “బాగున్నారా సారూ, కాలికి దెబ్బ తగిలిందని మనవాళ్ళెవరో చెప్పారు” అన్నాడు. నేను చెప్పదలచుకున్నది సక్రమంగా చెప్పలేకపోయాను. బదిలీ సంగతి ఎత్తి, అది నా పొరపాటు అన్నాను. అటువైపు కొంతసేపు నిశ్శబ్దం. “అయిపోయిన మాట లెండి” అన్నాడు. తరువాత అడిగాడు: “ఆ ఎలక్ట్రోడ్ల పొయ్యి, తలుపు సరిగా పడేది కాదు, నేను తీగ కట్టేవాణ్ణి. అది ఇంకా ఉందా సారూ?”

మార్చేశారని చెప్పాను. మార్చింది అతడు వెళ్ళిన ఎన్నాళ్ళకో చెప్పలేదు.

2025 జనవరిలో అబ్బాయి పూనాలో ఉద్యోగంలో చేరాడు. ఉదయం ఎనిమిదింటికే బస్సు ఎక్కాలట. ఎక్కుతున్నాడు. ఆదివారం రాత్రి తొమ్మిదింటికి ఫోను చేసి “సిద్ధమేనా నాన్నా” అంటాడు. ఇప్పుడు మేము ఒకే పక్షం కాదు, ఎదురెదురు. మొన్నటి ఆటలో వాడు ఎప్పటిలాగే రెండు దాడులనూ నా వీజింగ్ మీదనే కేంద్రీకరించాడు. నేను ఆ సంగతి ముందే గ్రహించి ప్రొటెక్ట్ ఆజ్ఞ ఇచ్చి ఉంచాను. ఆ పక్కన స్లాకింగ్ మేలుకొనే ఉన్నది. ఫోనులో కొంతసేపు మాట వినబడలేదు. తరువాత “అమ్మకు ఫోనివ్వండి” అన్నాడు.